తొమ్మిది వందల పదహార్లు

మాట్లాక్ బాత్‌లో, నది వెనకాల,
అద్దెకి తీసుకున్న రేకుల షెడ్డులో
రెండు డుకాటీలు ఉండేవి నాకు.
ఒకటి ఎరుపు. తొమ్మిది వందల పదహారు.
పెళ్లిలో చదివింపులు మైకులో చదివినట్టు
పదహార్లతో ముగిసే సంఖ్య.
ఇటలీవాడికి మన లెక్క ఎవరు చెప్పారో!
రెండోది పసుపు. ఏడు వందల నలభై ఎనిమిది.
ఏ శుభకార్యానికీ పనికిరాని అంకె.

"రెండూ ఒకటేగా, రంగులు తప్ప" అంది వకుళ,
కోటుకి గ్రీజు అంటకుండా గుమ్మంలోనే నిలబడి.
నేను నేలమీద మోకాళ్లూని వివరించాను:
అదే చట్రం,
వెనక చక్రాన్ని ఒంటిచేత్తో పట్టుకునే అదే ధీమా,
సీటు కిందనించి పొగ వదిలే అవే జంట గొట్టాలు,
ఆగస్టులో తొడలు కాల్చడంలోనూ తేడా లేదు,
కాని చూడు, ఎర్రదాని వెనక టైరు
పది మిల్లీమీటర్లు వెడల్పు.
"పది మిల్లీమీటర్లా" అంది.
తన చిటికెన వేలి గోరు చూసుకుని వెళ్లిపోయింది.

ఎలా చెప్పను?
ఎర్రది ఉలవచారు.
అడుగునించే చిక్కన. గేరు మార్చడం మర్చిపోయినా
కొండ దానంతటదే దిగొస్తుంది.
పసుపుది మిరియాల చారు. పైకి ఉత్త నీళ్లు,
ఎనిమిది వేలు దాటాక గొంతు పట్టుకుంటుంది.
మలుపులోకి రమ్మంటే ఎర్రది
"వస్తున్నా" అని వస్తుంది.
పసుపుది నేను అనుకునేలోపే వంగి
ఇంకా అక్కడే ఉన్నావేం అన్నట్టు ఆగుతుంది.

శనివారాలు ఒకదాని మీద బక్స్టన్ దాకా వెళ్లొచ్చి,
ఆ ఇంజను చల్లారకముందే
రెండోదాని మీద మళ్లీ అదే దారి.
నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి:
ముందు బ్రేకు, ఎరుపు. మంచు పట్టిన పొద్దున, పసుపు.
మణికట్టు నొప్పి, సమానం.
క్లచ్చు పట్టుకుంటే రెండూ
స్టీలు గ్లాసుల బుట్ట మెట్ల మీద దొర్లినట్టు మోగేవి.
అందులో కూడా ఏది పంచమమో ఏది నిషాదమో
చెవి ఒగ్గి తేల్చుకోబోయేవాణ్ణి.
మెకానిక్ డెరెక్ ఓలరెన్‌షా ఒకసారి అన్నాడు,
"నువ్వు బండి నడపట్లేదయ్యా, తూకం వేస్తున్నావు."

ఈ ఏడు రెండింటి బెల్టులూ ఒక్కసారే మార్చాల్సొచ్చింది.
వాల్వుల సందులు సరేసరి.
డెరెక్ రాసిచ్చిన అంచనా కాయితాన్ని
వకుళ ఏమీ అనకుండా ఫ్రిజ్ మీద అంటించింది.
పాలు తీసినప్పుడల్లా కనిపించేది.
సరే, ఏది పోతే అది, అనుకున్నాను.

కార్లైల్ నించి రైల్లో వచ్చింది మోరాగ్,
అరవై దాటిన మనిషి, హెల్మెట్ చంకలో పెట్టుకుని.
ఎన్ని మైళ్లు తిరిగిందని అడగలేదు.
నోటుబుక్కు ఇస్తే తెరవలేదు.
రెండింటి మధ్యా నిలబడి ఒకటే అడిగింది:
"ఎవరూ చూడనప్పుడు ఏది స్టార్ట్ చేస్తావు?"
నేను మాట్లాడలేదు. కళ్లు పసుపు వైపు వెళ్లాయి కాబోలు.
"అయితే ఎర్రది నాకివ్వు" అంది.
నాలుక చివరిదాకా వచ్చిన పది మిల్లీమీటర్లనీ
మింగేశాను.
ధర చివర పదహారు ఉండాలన్నాను, మా ఆచారం అన్నాను.
జేబులన్నీ వెతికి చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

ఇప్పుడు షెడ్డులో ఒక్కటే. నేలమీద రెండు నూనె మరకలు.
మన భాషలో 'తేలిక' అన్న మాట
తనంతట తాను పెరగదు.
పక్కన ఇంకొకటి నిలబడి
'కంటే' అనిపించుకోవాలి.
నిన్న వానలో, వయా జెల్లియా మీద,
లాటిన్ పేరు తగిలించుకున్న ఆ డెర్బీషైర్ రోడ్డు మీద,
పసుపుది దేనికంటే తేలికో తెలియక
ఊరికే తేలిగ్గా వెళ్లింది.
నాకు కొంచెం భయమేసింది.

నది గట్టున చిప్స్ తింటుంటే ఒక కుర్రాడు
బండి చుట్టూ రెండుసార్లు తిరిగి అడిగాడు,
"ఇది ఆ తొమ్మిది పదహారేనా?"
"కాదు" అన్నాను.
పదేళ్లుగా ఆ మాట వెనక వచ్చే వాక్యం
మళ్లీ వచ్చింది, పెదాల దాకా.
వెనిగర్ ఎక్కువైన చిప్ ఒకటి
నోట్లో వేసుకున్నాను.