పదకొండో నంబరు బాక్సు

జన్మస్థలం అని ఉన్న గడిలో
గుమాస్తా గొలుసుకట్టు రాత ఇలా ఉంటుంది:
"నాటకశాల, రెండో అంతస్తు, పదకొండో నంబరు బాక్సు."
పాస్‌పోర్టు ఆఫీసులో పిల్ల ఒకతె ఫక్కున నవ్వింది.
నవ్వనీ.
ఆ ఏడు ఏప్రిల్లో ఉరుగ్వే నదిని చూసి
నవ్వినవాళ్లెవరూ లేరు.

వంతెనను మింగింది, తోళ్ల కార్ఖానాను మింగింది,
మా వీధినైతే నమలకుండానే మింగింది.
చౌకు దాటి, ఆరు స్తంభాల ముందు
మెట్టు మెట్టూ ఎక్కుతూ వచ్చి
తొమ్మిదో మెట్టు మీద ఆగిపోయింది,
టికెట్టు లేనిదానిలా.

మా అమ్మ ఎదెల్మాకీ టికెట్టు లేదు.
దొరసానుల చేతితొడుగులు ఉతికి, గంజిపెట్టి
పక్కసందు గుమ్మంలో అందించి
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుని పోయేది.
ముందు తలుపు ఆమెకు గోడతో సమానం.
ఆ రాత్రి ఎవరో గొడ్డలితో తాళం తీశారు.
నిండు చూలాలు
ఎర్ర మఖమలు కుర్చీలో కూలబడి తలెత్తితే
కప్పు నిండా తొమ్మండుగురు కళాదేవతలు.
ఒక్కదానికీ
నొప్పులు తెలిసిన ముఖం లేదే అనుకుందట.

మంత్రసాని నీళ్లకు అవతలి ఒడ్డున ఉండిపోయింది.
వచ్చినవాడు ముసలి బాసిలీసియో, ప్రాంప్టరు.
నటుడు మాట మరిచిపోతే
రంగస్థలం కింది గుంతలోంచి గుసగుసగా అందించే మనిషి.
ఊపిరి పట్టు, అన్నాడట.
ఇప్పుడు వదులు.
మళ్లీ.
ముప్ఫై ఏళ్లుగా ఎవరికీ వినపడకూడదని సాధన చేసిన గొంతు
ఆ రాత్రి పై గ్యాలరీ దాకా వినపడింది.
తడి దుప్పట్లలోంచి అక్కడెవరో చప్పట్లు కొట్టారు.
ఈ ఇంట్లో నాకు దక్కిన చప్పట్లు
అవే.

ఇప్పుడు నేను తెర కుడతాను.
బస్సుల్లో దిగినవాళ్లు స్తంభాల ముందు నిలబడి
ఫోటోలు దిగుతారు.
"గ్రీకు పద్ధతి, అచ్చమైన పాలరాయి" అంటాడు గైడు కుర్రాడు.
పాలరాయా!
పోయిన జులై చలిలో మూడో స్తంభం పెచ్చులు ఊడదీస్తే
లోపల ఇటుక.
మా నది ఒండ్రు, మా బట్టీ నిప్పు.
ఒక ఇటుక మీద కుక్క అడుగు,
పచ్చిమట్టి మీదుగా ఏ పని మీదో పరుగెత్తిన
నూట ముప్ఫై ఏళ్లనాటి కుక్కది.
గచ్చు పూసేముందు మేస్త్రీ బెతాంకూర్ నన్ను పిలిచాడు.
ఆ గుంటలో బొటనవేలు పెట్టాను. సరిగ్గా పట్టింది.
తొమ్మిదో మెట్టు దాకా నది ఎవరిని చూసిపోదామని వచ్చిందో
అప్పుడు అనిపించింది.
గైడుకి చెప్పలేదు. అతనికి పాలరాయి మీదే బతుకుతెరువు.

పదకొండో బాక్సు ఇప్పుడు పళ్ల డాక్టరు కుటుంబానిది,
ఏడాది చందా.
టికెట్టు కొని నేనందులో ఎన్నడూ కూర్చోలేదు.
కానీ తెరకు, నా కంటి ఎత్తున,
చిమ్మటలు కొట్టిన చిల్లొకటుంది.
మేనేజరు మూడుసార్లు చెప్పాడు, కుట్టమని.
రేపు, అంటాను.

మొదటి గంట.
చిల్లులోంచి చూస్తే, డాక్టరు మనవరాలు
బూట్లు విప్పేసి, నేను పుట్టిన చోట
కాళ్లు ఊపుకుంటూ బఠాణీలు తింటోంది.
రెండో గంట.
తాళ్ల దగ్గర కుర్రాళ్లు అరచేతులు రుద్దుకుంటున్నారు.
మూడోది మోగగానే
మఖమలు మడత మీద చెయ్యి వేసి
మెల్లగా, ఎవరికీ వినపడకుండా, అంటాను:
ఊపిరి పట్టు.

ఇప్పుడు వదులు.