మైనస్ యాభై ఒకటి

చిన్న తరగతులకు ఇవాళ బడి లేదని
పొద్దున్నే రేడియో చెప్పింది.
కిటికీ అవతల యాకుత్స్క్ లేదు.
మంచుపొగ.
ఎదుటి మేడ దీపాల్ని ఎవరో ఊది
సగంలో మానేసినట్టున్నారు.

రాత్రంతా ఊరికి వేడినీళ్ళు కాచి పంపి
ఇల్లు చేరినవాణ్ణి.
మూడు గంటలు కన్నంటుకుంటే చాలనుకున్నాను.
ఏడేళ్ళ కీదానా, నాలుగేళ్ళ ఎరెల్
సోఫా మీంచి అల్మరా మీదికి
అప్పటికే దారి కనిపెట్టేశారు.

కింది వాటా అకులీనా ముసలావిడ
గరిటెతో గొట్టాన్ని మూడుసార్లు కొట్టింది.
అంటే, మీ పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తున్నారని.
పీకడానికేముంది?
అడుగున గడ్డకట్టిన నేల కరక్కూడదని
ముందే స్తంభాలెక్కి నిలబడ్డ ఇల్లు.
ఈ ఊళ్ళో ప్రతి ఇల్లూ పందిరే.

బొమ్మల పుస్తకం చూపించాను.
కార్టూన్లు పెట్టాను.
కోప్పడి కూడా చూశాను.
మరిగే నీటికి మూత బిగిస్తే ఏమవుతుందో
ఇంకెవరికి తెలియకపోయినా నాకు తెలియాలి,
జీతం దానికే ఇస్తున్నారు.
లేచాను.

మా తాతలు ఎండాకాలం గడ్డిమైదానంలో
వరసగా పదకొండు గంతులు వేసేవాళ్ళు.
ఒంటికాలి మీద అయితే కిలీ.
కాలు మార్చి కాలేస్తే ఇస్తంగా.
రెండూ జోడించి దూకితే కుఒబహ్, అంటే కుందేలు.
మైదానం నా దగ్గర లేదు.
నడవా ఉంది, చివర బూట్ల గుట్ట ఉంది.
నాలుగు గంతులకే గోడ వస్తుంది,
వెనక్కి తిరిగితే ఇంకో నాలుగు.
నేల మీద ఎర్ర టేపు ముక్కలు అంటించాను,
అకులీనా షాండ్లియర్ మీద జాలితో
ఉన్న దుప్పట్లన్నీ పరిచాను.

కీదానా కుందేలంటే కుందేలే.
ఎరెల్ రెండు కాళ్ళూ జోడించే లేస్తాడు,
దిగేటప్పుడు మాత్రం తప్, ఆ తర్వాత తప్.
అది ఒక్కటే గంతు అంటాడు.
వాదించే ఓపిక ఎవరికుంది?

తర్వాత కర్ర లాగే పోటీ.
రొట్టెలపలక అడ్డంపెట్టి, పాదాలు దానికి తన్నిపట్టి,
చీపురుకర్రకి అటు ఇద్దరూ, ఇటు నేను.
పోనీలే, ఓడిపోదామనుకున్నాను.
ఆ అవకాశం ఇవ్వలేదు వాళ్ళు,
నిజంగానే లేవనెత్తేశారు.

మధ్యాహ్నానికి ఇద్దరూ దుప్పట్ల మీద వెల్లకిలా,
బుగ్గలు కాలిన పెనాల్లా.
ఇంట్లో చప్పుడు లేదు.
నేనూ గోడకి జారబడ్డాను.

తలుపు చప్పుడైంది.
శాలువా కప్పుకుని అకులీనా.
"ఏం, ఆగిపోయారు? వేడి పోయిందా?"
జవాబు వినకుండా లోపలికొచ్చి
రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించింది.
ఆమె చూసిన చలికాలాలు నేను చూడలేదు.
చెయ్యి చురుక్కుమనేదాకా అలాగే ఉంచి,
"సరే, కానివ్వండి" అని
మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం న్యుర్గుహున్ వచ్చింది,
తలుపు తియ్యగానే ఆమె కంటే ముందు
ఓ మబ్బు ఇంట్లోకి దూరింది.
బజార్లో ఆమె అమ్మే చేపలు
డబ్బాల్లో కట్టెల్లా నిలబడి ఉంటాయి.
పొద్దుట్నుంచీ వాటి పక్కన తనూ.
రెప్పల మీది మంచు కరగనివ్వకుండానే
"అమ్మా, పదకొండు!" అని చుట్టుకున్నారు.

"నేనూ గెంతుతూనే ఉన్నానురా పొద్దుట్నుంచీ,
పాదాలు నావేనా అని చూసుకుంటూ."
"ఎన్ని?"
"లెక్కపెట్టలేదు."
"అయితే చెల్లదు" అంది కీదానా.

న్యుర్గుహున్ బూట్లు విప్పింది.
ఒక జత మేజోళ్ళు, ఇంకో జత, ఇంకోటి.
మొదటి టేపు మీద నిలబడింది.

నాకు డ్యూటీ వేళవుతోంది.
కోటు వేసుకుని బయల్దేరితే
నడవాలో అడ్డంగా ముగ్గురూ.
నడిచి వెళ్ళడానికి వీల్లేదట.
టోపీ ఒక చేత్తో అదిమిపట్టుకుని
రెండు కాళ్ళూ జోడించాను.