పరిష్కరించబడినది

నూట ఎనభై ఆరు మెట్లు.
లెక్క నాది కాదు, మోకాళ్ళది.
చిట్టినగర్ కొండమీద మా ఇల్లు
చివరి వరసకి ఒక్క వరస కింద.
ఆ ఒక్క వరస తేడాకే
పై వాళ్ళ దగ్గర కాస్త గొప్పపోతుంటాం.

వాకిట్లో నిలబడితే కృష్ణ కనిపిస్తుంది.
మొన్నటి నుంచి బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు.
ఎర్రనీళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ
సముద్రానికి పోతున్నాయి.
టీవీలో క్యూసెక్కులు చదువుతున్నారు, లక్షల్లో.
మా కొళాయి
ఒకసారి బుస్సుమని
ఊరుకుంది.

ఇది పదకొండో రోజు.

మొదటి రోజు పంపు దగ్గర నాగూర్ వలిని అడిగాను.
"మోటారు కాలింది గురువుగారూ, రాసి పంపాం."
ఎవరు రాశారు, ఎవరికి పంపారు అంటే
తాళాలగుత్తి వంక చూసుకున్నాడు.

రెండో రోజు వార్డు సచివాలయం.
ఆ అమ్మాయి మంచిదే,
నా ఫోను తీసుకుని తనే యాప్‌లో ఎక్కించింది.
సమస్య రకం అన్నచోట
వీధికుక్కలున్నాయి, వీధిదీపాలున్నాయి,
కొండ లేదు.
కిందికీ పైకీ జరిపి జరిపి
చివరికి "ఇతరములు" నొక్కింది.
అరవై మూడేళ్ళకి
నేనేమిటో తేలింది.

నాలుగో రోజు మెసేజి:
మీ ఫిర్యాదు స్వీకరించబడినది.
ఏడో రోజు:
సంబంధిత అధికారికి బదలాయించబడినది.
నిన్న సాయంత్రం, సరిగ్గా నూటపదో మెట్టు మీద,
ఒక చేత బిందె, ఒక చేత క్యాను,
జేబులో గిలిగింత.
మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.
మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?

నేను ముప్పై నాలుగేళ్ళు
గవర్నరుపేటలో ప్రూఫులు దిద్దినవాణ్ణి.
పరిష్కరించడమంటే మా దగ్గర
నాలుగు ప్రతులు పక్కన పెట్టుకుని
ఏది కవి మాటో, ఏది రాయసగాడి నిద్రమత్తో
కళ్ళు పోయేదాకా వెతకడం.
మా ప్రెస్సు చలమయ్యగారికి
"బడు" కనపడితే ఒళ్ళు మండేది.
"చేసినవాడెవడో చెప్పవయ్యా,
వాక్యానికి దిక్కూ మొక్కూ ఉండక్కర్లా?"
అని ఎర్రసిరాతో నిలువునా కొట్టేసేవారు.

మూడు మెసేజీలు మళ్ళీ చదివాను.
కర్త ఎక్కడా లేడు.
క్రియ అయిపోయిందంటున్నారు.
కర్మ మాత్రం
బిందె పట్టుకుని మెట్లెక్కుతోంది.

పై వరస మేరీరత్నం
నా వెనకే ఎక్కుతూ, రొప్పుతూ, నవ్వింది.
"అయిదూ ఇచ్చెయ్యండి అంకుల్.
తక్కువిస్తే ఫోన్ చేసి కారణమడుగుతారు.
మా ఆయన రెండిచ్చి
అరగంట సంజాయిషీ చెప్పుకున్నాడు."

రాత్రి రెండున్నరకి
గోడలో ఎవరో గొంతు సవరించుకున్నట్టయింది.
గాలి, తుప్పు, మళ్ళీ గాలి,
ఆపైన సన్నగా నీళ్ళు.
కొండంతా ఒక్కసారి లైట్లు.
స్టీలు మీద స్టీలు, ప్లాస్టిక్ మీద తిట్లు.
అంత హడావిడిలో కిందికి దిగాను,
ఎందుకో ఆ నూట ఎనభై ఆరూ తెలియలేదు.

పంపుగదిలో నాగూర్ వలి
గ్రీజు చేతులు పాతలుంగీకి తుడుచుకుంటున్నాడు.
"వైండింగు నేనే చేయించా గురువుగారూ.
చీటీ డబ్బులు. నాలుగు వేలు.
టెండరు తేలకుండా మోటారు ముట్టుకున్నానంటే
ఉన్న ఔట్‌సోర్సింగూ ఊడుద్ది.
నా పేరు మాత్రం ఎక్కడా రానీకండి."

కర్త దొరికాడు.
దొరికీ, దణ్ణం పెడుతున్నాడు.

తెల్లారి మెట్ల మీద అందరూ అదే అడిగారు,
ఎవరు బాగుచేశారంకుల్, ఎవరు?
నోటిదాకా వచ్చింది.
చలమయ్యగారి ఎర్రసిరా కూడా గుర్తొచ్చింది.

"బాగుచేయబడింది" అన్నాను.

మేరీరత్నం వింతగా చూసింది.
నేను బిందె భుజం మార్చుకుని
ఆ "బడు"ని
కొట్టెయ్యకుండా వదిలేశాను.