కొసలు

పదిహేడేళ్లు
అడ్డువరసలు నిలువువరసలు చెప్పి బతికినవాణ్ని,
అనంతపురంలో, రెండో అంతస్తు గదిలో.
ఐ, జె, కె అని
సుద్దముక్క వెంట చీమలబారు.

ఈ కొత్త లెక్కలో చీమల్లేవు.
ఒక డబ్బా, దానికొక కాలుంటే సదిశ.
రెండుంటే మాత్రిక.
కాలూ కాలూ కలిపితే గుణించినట్టేనట.
డబ్బా లేని ఉత్త గీత, యూనిట్ మాత్రికట.
మూడు కాళ్లదానికి మాత్రం
నా దగ్గర పేరు లేదు,
ఏ బల్ల మీదా పరచలేను.
మొదటి రాత్రి కోపమొచ్చి నోటుబుక్కు మూసేశాను,
పిల్లల బొమ్మలు నాకెందుకని.

మా తమ్ముడి బోరు మోటారు కాలిపోయింది.
తాడిపత్రి రోడ్డులో దస్తగిరి షాపు.
కూర్చోమని ముక్కాలిపీట జరిపి
మాడిన చుట్లు పీకుతున్నాడు.
వార్నీషు వాసన, కొత్త రాగితీగ మెరుపు.
ఊరికే కూర్చోలేక
సిమెంటు సంచి కాగితం మీద గీస్తున్నాను.
"ఏంది సార్, వైరింగా?"
"అట్లాంటిదే."
వంకరపోయిన గీతను చెరిపి దిద్దబోతే
తల ఎత్తకుండానే అన్నాడు:
"వంకరుంటే ఏంది సార్?
ఏ కొస యాడికి పోతాందో అది సూడల్ల.
నడుమ తీగ ఎన్ని మెలికలు తిరిగితే మనకేం."

చెయ్యి ఆగింది.

రెండు డబ్బాలు, ఏ, బి.
కొసకు కొస ముడేసి చుట్టు చేశాను. అదే జాడ.
ఏ-ని పట్టి నెమ్మదిగా తోస్తే
తీగ మీది పూసలా జారి
బి-కి అవతల కూర్చుంది.
అంతే. అయిపోయింది రుజువు.

ఏటా రెండు సిగ్మాలు తారుమారు చేసి
బల్ల నిండా రాసేవాణ్ని దీన్నే.
చౌడేశ్వరని ఒక పిల్ల, కిటికీ పక్క బెంచీ,
"సరే సార్, కానీ ఎందుకు సమానం?" అంది.
మళ్లీ సిగ్మాలే మార్చి చూపించాను.
తలూపింది.
అర్థమైన తలూపు కాదది. నాకప్పుడే తెలుసు.

దస్తగిరి కొడుకు ఇమాంవలి
బడి సంచితోనే వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.
నేల మీది దుమ్ములో వేలితో
డబ్బాలేం లేకుండా ఒక చుట్టు గీశాను.
"లోపలేముంది?"
"ఏం లేదు."
"అయితే సున్న."
"కాదురా, మూడు.
మీ షాపుకి పొడవు, వెడల్పు, ఎత్తు."

వాడు వాళ్ల నాయన వైపు చూశాడు.
నాయన నా వైపు చూసి,
కొసలకు పసుపు గొట్టాలు తొడుగుతూ,
వార్నీషు ఆరాలంటే
రేపు సాయంత్రమైతాదన్నాడు.