దుమ్ము దులుపుడు

ఎనుమాముల యార్డు నుంచి ఫోన్.
"కంప్యూటర్‌కు వైరస్ సోకింది, జల్ది రా" అన్నడు
అడ్తి విశ్వనాథం సేటు.
పానం మీదికొచ్చిన మనిషి గురించి చెప్పినట్టె చెప్పిండు.

హన్మకొండ చౌరస్తల పదహారేండ్ల సంది దుకాణం నాది.
వచ్చే ఫోన్లల్ల పదింట్ల తొమ్మిది వైరస్సే.
కీబోర్డు మీద చాయ్ ఒలికినా వైరస్,
వోల్టేజి తక్కువైనా వైరస్,
పాస్‌వర్డ్ మర్శిపోతె అది గూడ వైరస్.
మా అవ్వ కాలంల గాలి సోకింది అనేటోళ్లు.

చపాటా మిర్చి సీజన్.
బస్తాల నడుమ దారి వెతుక్కుంట పోయిన,
ముక్కుకు రుమాలు, అయినా కండ్లల్ల నీళ్లు.
ఆడ దగ్గనోడు లేడు,
దగ్గితె పట్టించుకునేటోడు లేడు.
ఒక్క కరోనా ఏడు తప్ప.
ఆ ఏడు హమాలీ ఐలయ్య దగ్గిండని
పద్నాలుగు రోజులు గేటు అవుతల నిలబెట్టిండ్రు.
ముప్పై ఏండ్ల దగ్గు అది.

సేటు గద్దె మీద కూసోని వేలు చూపిండు,
కంప్యూటర్ దిక్కు గాదు, సరూప దిక్కు.
"ఈ పిల్ల చెల్లె పెండ్లి ఫోటోలు పెన్‌డ్రైవ్‌ల తెచ్చింది,
అప్పటి సంది గిట్ల."
సరూప ఏం మాట్లాడలే.
తక్‌పట్టీ పుస్తకంల గీతలు కొడుతున్నది, లేని లెక్కకు.

"ఎప్పుడు మొరాయిస్తది?" అని అడిగిన.
"పొద్దుగాల మంచిగుంటదన్నా.
పన్నెండు దాటితె ఆగి ఆగి నడుస్తది,
ఒంటిగంటకు దానంతటదె బందైతది."
వైరస్‌కు ఎండపూట, సల్లపూట ఉండదు గదా.
లోపల ఏమేం నడుస్తున్నయో వరుసగ చూసిన,
తెలువని పేరు ఒక్కటి లేదు.
పంపని మెయిల్ పోలే,
కొత్తగ ఏదీ వచ్చి కూసోలే.
డబ్బ పక్కకు చెయ్యి ఆనిచ్చిన.
జరమొచ్చిన పిల్లగాని నొసలు లెక్క కాలింది.

నాలుగు మరలు ఇప్పి
రేకు తీసిన.

లోపలంత ఎరుపు.
ఫ్యాను రెక్కలకు ఎరుపు, తీగలకు ఎరుపు,
జాలి మూసుకపోయి మెత్తటి దుప్పటి అయ్యింది.
బ్రష్ తాకిచ్చిన్నో లేదో
నేను తుమ్మిన, సరూప తుమ్మింది,
సేటు శకునం లెక్కపెట్టే లోపట్నె
ఆయనకే వచ్చింది.

"వైరస్ లేదు సేటూ. నీ సరుకే."

నమ్మలే.
"మరి ఉంటె ఎట్లుంటది?" అనుకుంట
ఏసీ గదిల నుంచి తన లాప్‌టాప్ తెచ్చి ముందర పెట్టిండు.
నున్నగున్నది. సప్పుడు లేదు. పిలిస్తె పలుకుతది.
"గిదాన్ని సూడు, ఎంత ఆరోగ్యమో."

చూసిన.
గంటంబావు చూసిన.
దాంట్ల ఉన్నది.
బామ్మర్ది ఉత్తగ ఎక్కిచ్చిన లెక్కల ప్రోగ్రాం ఎంబడి వచ్చి
ఏడాది సంది ఇంటోని లెక్కనే మెలుగుతున్నది.
సేటు కొట్టిన ప్రతి అక్షరం, ప్రతి ధర, బ్యాంకు పాస్‌వర్డ్
రాత్రిపూట యాడికో మోస్తున్నది.
ఫ్యానును గూడ గట్టిగ తిరుగనియ్యలే.

సేటు తలుపు దగ్గరికేసిండు.
"బామ్మర్దికి చెప్పకు" అన్నడు.
జర సేపాగి, "సరూపకు గూడ."

బయటికొస్తుంటె ఆ పిల్ల పెన్‌డ్రైవ్ చేతుల పెట్టింది.
"గిది గూడ చూడన్నా."
రెండు వందల పన్నెండు ఫోటోలు.
పసుపు, బ్యాండు, పెండ్లికొడుకు మామ నిద్రపోయింది.
"ఏం లేదమ్మా" అన్న.
"లేదని నీకు తెలిసింది గదన్నా.
ఉన్నదన్న మాట యార్డంత తిరిగొచ్చింది."
నేను స్క్రూడ్రైవర్లు సంచిల సర్దుకున్న,
ఒక్కొక్కటి, అవసరం కన్న మెల్లగ.

బిల్లుల రాసిన:
దుమ్ము దులుపుడు, మూడు వందల యాభై.
రెండోదానికి ఏం రాయాల్నో తోచక
ఇతరములు అని రాసిన.

రాత్రి ఇంటికొచ్చి వాకిట్ల అంగి దులిపితె
మా ఆడామె మూడుసార్లు తుమ్మి
"ఏం వైరస్ పట్టుకొచ్చినవ్?" అన్నది.