పాయింటు

ఎనిమిదో తరగతిల లెక్కల సారు
సుద్దముక్కను బోర్డుకు ఒక్కసారి తాకించి
"ఇది పాయింటు.
దీనికి పొడుగు లేదు, వెడల్పు లేదు, లోతు లేదు,
జాగ మాత్రం ఉన్నది" అన్నడు.
నేను లేచి నిలబడి
"మా చెల్కల పాయింటుకు ఐదు వందల అరవై ఫీట్ల లోతున్నది సార్" అన్న.
క్లాసంత నవ్వింది. సారు నవ్వలే.
సారుది గూడ మర్రిగూడ దిక్కే.

ఆ పాయింటు చూపింది ఈదయ్య.
అరచేతిల కొబ్బరికాయ పండవెట్టుకొని
చెప్పుల్లేకుండ చెల్కంత తిరిగిండు.
ఆయన కాలికి గుచ్చుకోకుండ
మా నాయిన ముందట నడుసుకుంట
కందిమోళ్లు మడిమెతోటి తొక్కిండు.
తూర్పు గెట్టు కాడ కాయ లేచి నిలబడ్డది.
"పాయింటు!" అన్నడు ఈదయ్య.

బోరు, మోటరు, కరెంటు తర్వాత
మా నాయిన నోటికొచ్చిన నాలుగో ఇంగ్లీషు మాట అది.
అన్నిట్ల ఎక్కువ ఖర్సయింది దానికే.

రాత్రంత బండి మొత్తుకున్నది.
తెల్లారి చూస్తె
తుమ్మచెట్టు, బర్రె, మా అమ్మ నెత్తి
అన్నీ పిండి చల్లినట్టు తెల్లగ.
చుక్క రాలే.
ఇంకో పాయింటు, ఇంకో బండి.
ఇంకోటి.
ఇంకోటి.

పెద్దమనుషులు కూసున్న నాడు
అప్పిచ్చిన సేటు
"ముత్తిలింగం, నీ మాటల పాయింటు లేదు" అన్నడు.
మా నాయిన తువ్వాల దులుపుకొని లేచిండు.
"పాయింట్లకేం తక్వ సేటూ,
నాలుగున్నయి.
నీళ్లే లేవు."
ఆ మాటకు ఊరు ఆర్నెల్లు నవ్వింది.
వడ్డీ మాత్రం దాని పని అది చేసుకున్నది.

పాలకేంద్రంల మా బర్రెకు నాలుగు పాయింట్ ఒకటి.
నడుమ చుక్కను పాయింటంటరని చెప్తె
మా అమ్మ బిందె కింద పెట్టి
"చుక్క రానిదానికీ గదే పేరు, చుక్కకూ గదే పేరా?" అన్నది.
అండాలక్క కాన్పు ముంగట నర్సమ్మ
రక్తం ఏడు పాయింట్లే అని చీటీ మీద ఎర్రగీత గీస్తె
అమ్మకు రెండు లెక్కలు కలిసిపోయినయి:
"బర్రెకు నాలుగే. నువ్వే నయం, పా బిడ్డా."

ఇప్పుడు నాదీ పాయింట్ల బతుకే.
ఇండ్లకు వైరింగు చేస్త.
లైటుకొకటి, ఫ్యానుకొకటి, ఫోను చార్జింగుకు మంచం మంచానికొకటి,
పాయింటుకు ఇంత అని మాట్లాడుకునుడు.

మొన్న చండూరు రోడ్డుకు ఈదయ్య కొడుకు ఇల్లు కడుతున్నడని పిలిస్తె పోయిన.
ముసలాయన ఇసుక కుప్ప మీద కూసొని
ఏ గోడకు ఏది రావాల్నో చేతికర్రతోటి చూపెడుతున్నడు.
ఆ చెయ్యి నాకెరుకే.
నేను పెన్సిలుతోటి గుర్తులు పెట్టుకుంట పోయిన.

"నువ్వు ముత్తిలింగం పిలగానివి గద?"
"అవు తాతా."
"తూర్పు గెట్టు కాడ కాయ లేచింది. నువ్వూ చూసినవ్ గద?"
చూసిన.
నిజంగనే లేచింది.
ఏమనాల్నో తోచక
గాడి కొట్టే మిషను గోడకు ఆనిచ్చిన.
తెల్లటి దుమ్ము లేచి
ఆయన కనుబొమ్మల మీద, నా మీసాల మీద కూసున్నది.

ఆఖరికి ఇంటెన్క గోడ కాడికొచ్చి
"ఈడ మోటరు పాయింటు పెట్టు" అన్నడు.
చుట్టూ చూసిన. పల్లేరు తీగ, సిమెంటు సంచులు,
ట్యాంకరోడు నింపిపోయిన రెండు డ్రమ్ములు.
"బోరెక్కడ తాతా?"
"ఇంకా వెయ్యలే."
అరచెయ్యి లుంగీకి తుడుసుకుండు.
"పాయింటు దొరుకుతలేదు."

డబ్బా బిగించి, వైరు కొసలకు టేపు సుట్టి,
మూత పెట్టిన.
లెక్క రాస్తె ముప్పై.
దీన్ని గూడ కలుపాల్నా వద్దా అని
పెన్సిలు చెవి మీద పెట్టుకొని
ఆడనే కొంచెం సేపు నిలబడ్డ.