ఊటమ్మ తాళం

కళ్యాణదుర్గం బస్టాండు ఎదురుగా
నా జిరాక్స్ అంగట్లో
మూడు దినాలుగా ఒకటే పంచాయితీ.
ఊటమ్మ దొంగా, కాదా?

ఊటమ్మ మనిషి కాదు.
ఫోన్లో మేం పెంచుకునే జంతువుల దీవిలో
ఊటకు కాపలా ఉండే ముసలి తాబేలు.
మొన్న బేస్తవారం కొత్త కథ దిగింది.
తెల్లారేసరికి ఊట గుహకు తాళం,
తాళంచెవి ఆమె మెడలో.
మా జంతువులన్నీ ఎండిన చిప్పల ముందర
తోకలు ముడుచుకోని కూచున్నాయి.
ఆదివారం రాత్రి పన్నెండులోగా అందరూ ఓటెయ్యాలంట:
తాళం పగలగొట్టాల్నా, వద్దా.

హసీనా నర్సింగు చదువుతాది.
రికార్డు జిరాక్సుకిచ్చి, కాగితాలు సల్లారక ముందే
"పగలగొట్టాల్సిందే అన్నా" అంటాది.
ఆమెది మూడు చెవుల కుందేలు, పేరు బొరుగు.
"రెండునూర్ల దినాలు ఒక్కపూట తప్పకుండా నీళ్లు పెట్టినా.
పరీక్షలప్పుడు కూడా.
ఇప్పుడు దాని కండ్లు చూడు."
చూసినా.
నాలుగు చుక్కలతో గీసిన కండ్లే.
అయినా రోంత కష్టంగానే ఉండాది.

మద్దిలేటికి కథతో పనిలేదు.
ఎటు ఓటేస్తే నెమలీకల టోపీ వస్తాదో చెప్పమంటాడు.
టోపీల కోసమే పోయిన నెల
వాళ్లమ్మ ఫోన్లో కూడా ఒక నక్కను పెట్టినాడు.
ఆ యమ్మ ఇప్పుడు దాన్ని ఇడ్సడం లేదు.
సెనక్కాయ పెరుకుతా పెరుకుతా
కొంగుకు చెయ్యి తుడుచుకోని దానికి ముద్ద పెడతాదంట.

"తాళం మంచిదే" అన్నాడు కుళ్లాయప్ప.
బోరుబండి మీద పని. చెవుల్లో కూడా రాతిపొడి.
వానిది గాడిద. దానికింకా పేరు కూడా పెట్టలే.
"తాళం లేకుంటే ఏమైతాదో నేను చూసినా.
ఒకడు మున్నూరు అడుగులేస్తే పక్కోడు ఐనూరు.
ముసల్ది తెలిసే ఏసింటాది."
"అంటే అవి దప్పికతో సావాల్నా?"
"సావవులే, అది ఆట."
"ఆటైతే నువ్వేల ఇంత గట్టిగా అరుస్తాండావు?"

అప్పుడే కరెంటు పాయె.
రికార్డు పదిహేడో పేజీ సగం మిషన్లోనే ఇరుక్కుంది.
చీకట్లో నాలుగు ఫోన్లు, నాలుగు మొగాలు.

పన్నెండైంది.
పగలగొట్టాలన్నోళ్లే గెలిచినారు.
కానీ ఆ కథ రాసినోళ్లు, ఏ ఊరోళ్లో ఏమో,
ఎవరూ సుత్తి ఎత్తకముందే
ఊటమ్మ చేతనే తలుపు తీయించినారు.

లోపల నీళ్లు లేవు.
ఒక చెంబు. గోడ నిండా గోటిగీతలు,
చివరి చుక్క రాలిన పొద్దునుంచీ లెక్క.
"లేదని తెలిస్తే మీకు నిద్ర పట్టదని" అంది తాబేలు.
అంతే.
మిగతా కథ వచ్చే నెల.

"ఇదేం కథన్నా! దీనికా మనం కొట్లాడింది?"
హసీనా గొంతు జీరబోయింది.
మద్దిలేటి టోపీ వెతుకుతాండాడు.

కుళ్లాయప్ప ఫోను బోర్లా పెట్టినాడు.
"పోయిన ఎండాకాలం, బ్రహ్మసముద్రం పక్కన.
ఎనిమిదినూర్ల అరవై. ఉత్త దుమ్ము.
బండి ఆపబోతే ఆ రైతు చెయ్యి పట్టుకున్యాడు.
తెల్లారేదాకా తిప్పప్పా, డీజిల్ దుడ్లు నేనిస్తా,
సప్పుడు ఇనపడతాంటే ఇంట్లో పండుకుంటారు అన్యాడు."
"తిప్పినావా?"
"మబ్బు దాకా తిప్పినా."

మబ్బంటే మా పక్క తెల్లవారుజాము.
పైన ఉండేదానికీ అదే మాట.
ఆ రాత్రి అది మాత్రం లేదంట.

మద్దిలేటి ఫోను మోగింది. వాళ్లమ్మ.
అంత రాత్రప్పుడు, అంగడంతా ఇనపడేట్టు:
"ఒరే, నక్క ఏడుస్తాంది. నీళ్లెట్ల పెట్టాల్రా?"
వాడు మా మొగాలు చూసినాడు.
టోపీల మద్దిలేటి.
"వస్తాయిలేమ్మా" అన్నాడు,
"పొద్దున్నే వస్తాయి. నువ్వు పండుకో."

ఎవరం ఏమీ అనలేదు.
కరెంటు వచ్చింది.
మిషను ఒక్కసారి దగ్గి
పదిహేడో పేజీ మిగతా సగం బయటికి తోసింది.